నల్ల తెర మీద మాట్లాడుతున్నది ఎవరు?

(శ్రీకాకుళంలో ఒక ఆదివారం ఉదయం డిగ్రీ విద్యార్థులకు, ఆఫీసుల్లో కంప్యూటర్ పని చూసుకునేవారికి చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. వెనకాల ఫ్యాను కింద కూర్చున్న బాబులు కొంచెం ముందుకు రండి. మైకు గరగరమంటోంది, నాకూ గొంతు సరిగ్గా లేదు.

నన్ను పిలిచినవాళ్లు "జిప్ ఫైళ్ల ఎర్రర్ల గురించి ఓ గంట చెప్పండి" అన్నారు. జిప్ అంటే కొన్ని ఫైళ్లను కలిపి, కుదించి కట్టిన మూట. గంటసేపు చెప్పడానికి అందులో ఏటుందని మొదట నాకే అనిపించింది. తర్వాత నాకొచ్చే ఫోన్లు గుర్తొచ్చాయి. ఫోన్ ఎత్తగానే ఒకటే మాట: "సార్, జిప్పు పాడయిపోనాది." ఏమని వచ్చిందమ్మా తెర మీద అంటే, "ఏదో ఇంగ్లీషులో వచ్చింది సార్, నేను కట్టేశాను." డాక్టరు దగ్గరికి వెళ్లి ఒంట్లో బాగోలేదని చెప్పి, నోరు తెరవమంటే తెరవనన్నట్టు ఉంటుంది ఇది.

ఇవాళ నేను చెప్పబోయేది నిజానికి ఒక్కటే ముక్క. మన ఇళ్లల్లో ల్యాండ్‌లైన్ ఫోన్లు ఉండే రోజుల్లో రిసీవర్ ఎత్తగానే ముందు ఏమనేవాళ్లం? "ఎవరండీ మాట్లాడేది?" అనేవాళ్లం. విషయం తర్వాత. కమాండులు టైపు చేసే నల్ల తెర మీద ఎర్రర్ వచ్చినప్పుడు కూడా ముందు అదే అడగాలి. ఎందుకంటే ఆ తెర మీద మాట్లాడేది ఒక్కరు కాదు. మీరు టైపు చేసింది మొదట అందుకునే షెల్ ఒకటి, విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ అంటాం. దాని వెనక జిప్పు విప్పే ప్రోగ్రాము. దాని కింద ఆపరేటింగ్ సిస్టమ్. ఆ తర్వాత, అన్నిటికన్నా అడుగున, ఆ ఫైలు. నలుగురి గొంతూ ఒకే తెర మీద, ఒకే రంగులో వస్తుంది. షెల్ మాట విని ఫైలు మీద నేరం మోపుతాం. మళ్లీ డౌన్‌లోడ్ చేస్తాం. రెండు గంటలు పోతాయి. ఎర్రర్ మాత్రం మళ్లీ అదే.

షెల్ గొంతు పట్టుకోవడం తేలిక. సెవెన్‌జిప్ అనే, జిప్పులు కట్టి విప్పే ప్రోగ్రాము వేసుకుని, కమాండ్ ప్రాంప్ట్ తెరిచి దాని కమాండు 7జెడ్ అని కొడతారు. "ఈజ్ నాట్ రికగ్నైజ్డ్ యాజ్ యాన్ ఇంటర్నల్ ఆర్ ఎక్స్‌టర్నల్ కమాండ్" అని వస్తుంది. ఇందులో జిప్పు ఊసే లేదు, చూడండి. ఈ పేరుగల మనిషి నాకు తెలీదు అంటోంది షెల్, అంతే. విండోస్‌లో సెవెన్‌జిప్ ఇన్‌స్టాల్ చేసినప్పుడు అది పాత్‌లో, అంటే షెల్ ప్రోగ్రాముల కోసం వెతికే ఫోల్డర్ల జాబితాలో, తన ఫోల్డరును చేర్చుకోదు. మనం చేర్చాలి, లేదా పూర్తి దారి రాయాలి. పూర్తి దారి రాస్తే ఇంకో గొయ్యి ఉంది: ప్రోగ్రామ్ ఫైల్స్ అనే పేరులో మధ్యన ఖాళీ ఉంది. కొటేషన్లు పెట్టకపోతే "సి కోలన్ ప్రోగ్రామ్ ఎవరో నాకు తెలీదు" అంటుంది. అక్కడికక్కడే పేరు తెగిపోయింది. ఇంటిపేరు ఒకచోట, అసలు పేరు ఒకచోట పడ్డట్టు.

ఇంకొకటి ఈ మధ్య బాగా చూస్తున్నాను. కమాండును వర్డ్ ఫైల్లో రాసుకుంటారు, లేకపోతే వాట్సాప్‌లో ఎవరో పంపితే కాపీ చేసి అతికిస్తారు. వర్డ్ ఏం చేస్తుందంటే, అందంగా ఉండాలని పొట్టి హైఫన్‌ను పొడుగు గీతగా మార్చేస్తుంది, నిటారు కొటేషన్లను వంకర కొటేషన్లు చేస్తుంది. కంటికి తేడా తెలీదు. ప్రోగ్రాముకు మాత్రం హైఫన్ ఒక అక్షరం, పొడుగు గీత ఇంకో అక్షరం. ఆప్షన్ అనుకుని మీరిచ్చినదాన్ని అది ఫైలు పేరనుకుంటుంది. "అలాంటి ఫైలు లేదు" అంటుంది. కమాండును చేత్తో కొట్టండి బాబూ. పది అక్షరాలు కొట్టడానికి బద్ధకం పడి పూట పోగొట్టుకోవద్దు.

లినక్స్ ల్యాబులో కూర్చునే పిల్లలకు ఇది చెప్పి తీరాలి. ఫోల్డర్లో ఐదు జిప్పులున్నాయి. అన్నీ ఒకేసారి విప్పుదామని అన్‌జిప్, స్పేస్, స్టార్ డాట్ జిప్ అని కొడతారు. "కాషన్: ఫైల్‌నేమ్ నాట్ మ్యాచ్‌డ్" అని వస్తుంది, ఎదురుగా కనబడుతున్న ఫైలు పేరే చెప్పి మరీ! పిల్లాడు ఫైళ్ల జాబితా చూపే ఎల్‌ఎస్ కమాండు కొట్టి చూపిస్తాడు, "ఇదిగో సార్ ఇక్కడే ఉంది, దీనికి కళ్లు నేవా" అని. (నవ్వులు) దానికి కళ్లున్నాయి. ఆ స్టార్‌ను అన్‌జిప్ చూడలేదు. అన్‌జిప్ చేతికి అందేలోపే షెల్ దాన్ని ఐదు పేర్లుగా విప్పేసింది. అన్‌జిప్ లెక్కలో మొదటి పేరు జిప్పు ఫైలు. మిగతా నాలుగూ ఆ జిప్పు లోపల వెతకమని మీరు చెప్పిన ఫైళ్లు. మొదటి జిప్పులో రెండో జిప్పు ఎందుకుంటుంది? లేదు. లేదని నిజాయితీగా చెప్పింది. స్టార్ చుట్టూ కొటేషన్లు పెడితే షెల్ దాన్ని ముట్టుకోదు, అన్‌జిప్ తనే విప్పుకుంటుంది. ఐదూ వస్తాయి.

ఇక ప్రోగ్రాము గొంతు. ఇక్కడ నాకు టార్ అంటే ముచ్చట. 1979లో యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఏడో ఎడిషన్‌తో వచ్చిన, ఫైళ్లను మూట కట్టే పనిముట్టు అది. పేరే టేప్ ఆర్కైవ్. టేపులు పోయాయి, పేరు మిగిలింది. మన ఊళ్లల్లో సినిమాహాలు పోయినా ఆ సెంటర్‌కు హాలు పేరే మిగిలినట్టు. ఇప్పుడు విండోస్ 10లోనూ టార్ వచ్చేసింది, చాలామందికి తెలీదు.

టార్‌తో ఒక తప్పు నేనే చేశాను, ఏళ్ల తరబడి. టార్, హైఫన్ సి ఎఫ్ జెడ్, తర్వాత బ్యాకప్ పేరు, తర్వాత ఫోల్డరు పేరు. సి అంటే మూట కట్టు, ఎఫ్ అంటే మూట ఫైలు పేరు ఇదీ, జెడ్ అంటే కుదించు. అక్షరాలు అవే కదా, వరస మారితే ఏటవుతాదిలే అనుకున్నాను. టార్ ఏమందంటే, "బ్యాకప్ డాట్ టార్ డాట్ జీజెడ్: కెనాట్ స్టాట్: నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ." ఏమిటీ విడ్డూరం! నేను తయారు చెయ్యమన్న ఫైలు లేదంటుందేమిటి? లేదు కాబట్టే కదా చెయ్యమన్నాను! తిట్టుకున్నాను కూడా. సంగతేమిటంటే, హైఫన్ పెట్టినప్పుడు ఎఫ్ అనే అక్షరం తన వెనకాల ఏది తగిలితే దాన్నే ఫైలు పేరుగా పట్టుకుంటుంది. నేను ఎఫ్ వెనక జెడ్ పెట్టాను. కాబట్టి జెడ్ అనే పేరుతో ఒక ఫైలు తయారుచేసింది. బ్యాకప్ అని నేను రాసిన పేరును లోపల పెట్టవలసిన సరుకు అనుకుంది. అది లేదు కాబట్టి లేదంది. ఫోల్డర్లో చూస్తే నిజంగానే జెడ్ అని ఒంటరి అక్షరంతో ఓ ఫైలు కూర్చునుంది, అదీ కుదించకుండా. తమాషా ఏమిటంటే, అదే అక్షరాలు హైఫన్ లేకుండా, పాతకాలం పద్ధతిలో కొడితే సరిగ్గా పనిచేస్తుంది. ఈ ఒక్క కారణానికే నేను ఎఫ్‌ను ఎప్పుడూ చివర పెడతాను.

టార్ చివరి వరుస చూశారా ఎప్పుడైనా? "ఎగ్జిటింగ్ విత్ ఫెయిల్యూర్ స్టేటస్ డ్యూ టు ప్రీవియస్ ఎర్రర్స్." పైన చెప్పిన తప్పుల వల్ల ఓడిపోయి వెళ్తున్నాను అని. అందరూ ఈ వరుసే ఫోటో తీసి నాకు పంపుతారు. అందులో ఏముంది? పైన చెప్పాను అంటోంది కదా, పైకి వెళ్లండి. మొదట వచ్చిన ఎర్రరే అసలుది. కిందవన్నీ దాని పిల్లలు. టార్‌కే ఇంకో మాట ఉంది, "కవర్డ్‌లీ రెఫ్యూజింగ్ టు క్రియేట్ యాన్ ఎంప్టీ ఆర్కైవ్." లోపల పెట్టడానికి ఏమీ ఇవ్వలేదు, ఉత్త మూట కట్టడానికి నాకు ధైర్యం చాలట్లేదు అని. తన పిరికితనాన్ని తనే ఒప్పుకునే ప్రోగ్రామును నేను ఇదొక్కటే చూశాను.

సెవెన్‌జిప్‌లో ఎక్కువమంది దెబ్బతినేది ఒక ఆప్షన్ దగ్గర. విప్పినవి ఏ ఫోల్డర్లో పెట్టాలో చెప్పడానికి హైఫన్ ఓ అని, దాని పక్కనే, ఖాళీ లేకుండా ఫోల్డరు పేరు రాయాలి. మనకు చదువు నేర్పినవాళ్లు మాటకూ మాటకూ మధ్య ఖాళీ వదలమన్నారు కాబట్టి వదులుతాం. "టూ షార్ట్ స్విచ్" అంటుంది. స్విచ్ అంటే ఆప్షనే, అది పొట్టిగా ఉందట. ఓ అనే అక్షరం పక్కన పేరేది అని అడుగుతోంది, అంతే. పాస్‌వర్డ్ పి కూడా అలాగే అంటుకుని ఉండాలి.

ఎర్రర్ రాకుండా ముంచేది ఇంకోటుంది. సెవెన్‌జిప్‌లో విప్పడానికి రెండు అక్షరాలు: ఇ, ఎక్స్. ఎక్స్ అంటే ఫోల్డర్లు ఫోల్డర్లుగా విప్పుతుంది. ఇ అంటే ఫోల్డర్లన్నీ ఊడ్చేసి ఫైళ్లన్నీ ఒకే కుప్ప పోస్తుంది. ఓ కాలేజీలో సెక్షన్‌కొక ఫోల్డరు, ప్రతి ఫోల్డర్లోనూ మార్కులు అనే ఒకే పేరుతో ఫైలు. ఇ కొట్టారు. ఒకే పేరు ఉంది, పాతదాని మీద రాయమంటారా అని అది పాపం అడిగింది. ఎక్కడ మాటిమాటికీ అడుగుతుందోనని అన్నిటికీ సరే అనేశారు. మిగిలింది ఒక్క సెక్షన్ మార్కులు. "ఎవ్రీథింగ్ ఈజ్ ఓకే" అని కూడా వచ్చింది చివర! దాని లెక్కలో ఓకేనే.

ఆపరేటింగ్ సిస్టమ్ మాటలు ఎక్కువ చెప్పక్కర్లేదు. చోటు లేదంటే చోటు లేదనే, పర్మిషన్ లేదంటే లేదనే. ఒక్క పెన్‌డ్రైవ్ సంగతి మాత్రం. 32 జీబీ పెన్‌డ్రైవ్, ఖాళీగా ఉంది, ఐదు జీబీ జిప్పు పట్టదంటుంది. పెన్‌డ్రైవ్ మోసమని దుకాణం మీదకు వెళ్తారు. అది ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ అయి ఉంటుంది. అందులో ఒక్క ఫైలు 4 జీబీ దాటకూడదు, మొత్తం చోటు ఎంతున్నా సరే. చిన్న గుమ్మం ఉన్న పెద్ద గోదాము. ఎక్స్‌ఫ్యాట్‌కు మార్చండి, లేదా సెవెన్‌జిప్‌లో హైఫన్ వి 2జి అని పెట్టి రెండేసి జీబీల ముక్కలు చెయ్యండి. ముక్కలు చేస్తే 001, 002 అని వస్తాయి. విప్పేటప్పుడు అన్నీ ఒకేచోట ఉండాలి, 001ని తెరవాలి. 002ని తెరిచి పాడయిందనకండి.

ఇప్పుడు ఫైలు గొంతు. నాకు ఇష్టమైన భాగం ఇదే, కాస్త నిదానంగా చెప్తాను.

జిప్ పద్ధతిని 1989లో ఫిల్ కాట్జ్ అనే అమెరికన్ తెచ్చాడు. ఏ జిప్పు ఫైలు మొదలు చూసినా పి, కె అని రెండక్షరాలుంటాయి. ఆయన పేరు పొడి అక్షరాలు. ఆర్‌ఏఆర్ అనే ఇంకో రకం మూట అయితే ఆ మూడక్షరాలతోనే మొదలవుతుంది. సెవెన్‌జిప్ ఫైలు 7జెడ్ అని మొదలవుతుంది. ఇదే అసలు ముద్ర. చివర డాట్ జిప్ అని పేరు పెట్టడం ముద్ర కాదు. మిల్లు గుడ్డ మీద పొందూరు అని చీటీ అంటిస్తే సన్నఖాదీ అయిపోతుందా? పొందూరు అవ్వలు వాలుగ చేప దవడ పళ్లతో పత్తి ఏకి తీసిన దారం వేరు, వేలితో ముట్టుకుంటే తెలుస్తుంది. "కెనాట్ ఓపెన్ ద ఫైల్ యాజ్ ఆర్కైవ్" అని వచ్చినప్పుడు చాలాసార్లు జరిగేది అదే. ఎవరో ఆర్‌ఏఆర్ ఫైలుకు డాట్ జిప్ అని పేరు మార్చారు. లేదా అది జిప్పే కాదు. మూడొందల ఎంబీ రావాల్సిన ఫైలు 14 కేబీ ఉంటే నోట్‌ప్యాడ్‌లో తెరవండి. "మీ సెషన్ ముగిసింది, మళ్లీ లాగిన్ అవ్వండి" అనే వెబ్ పేజీ ఉంటుంది లోపల. సైటు మీకు గుమ్మం బయటే ఓ చీటీ ఇచ్చి పంపింది. మీరు ఆ చీటీని జిప్పు అనుకుని విప్పుతున్నారు. లినక్స్‌లో అయితే ఫైల్ అనే కమాండే ఉంది, పేరు చూడకుండా లోపల చూసి చెప్తుంది.

టార్ డాట్ జీజెడ్ గురించి అడుగుతుంటారు. పలాస వైపు నుంచి వచ్చినవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఆ, అమ్మా, మీకు ఒక్క మాటలో అర్థమవుతుంది. జీడిగింజ. పైన పెంకు, లోపల పొట్టు, ఆ లోపల పప్పు. పెంకు పగలకుండా పొట్టు ఒలవలేం. జీజిప్ పెంకు, టార్ పొట్టు. జీజిప్ అన్నీ కలిపి మూట కట్టదు, ఒక్క ఫైలును కుదిస్తుంది, అంతే. టార్ కుదించదు, మూట మాత్రం కడుతుంది. "నాట్ ఇన్ జీజిప్ ఫార్మాట్" అంటే పెంకు లేదు. బ్రౌజరో మరొకటో ముందే విప్పేసి ఉండొచ్చు, ఊరికే టార్‌తో విప్పి చూడండి. "దిస్ డజ్ నాట్ లుక్ లైక్ ఎ టార్ ఆర్కైవ్" అంటే లోపల పొట్టు లేదు, ఉత్త పప్పు. రెండు గొంతులూ వేరు, రెండు రోగాలూ వేరు.

ఇక పేరుమోసిన ఎర్రర్: "ఎండ్ ఆఫ్ సెంట్రల్ డైరెక్టరీ సిగ్నేచర్ నాట్ ఫౌండ్." జిప్పు ఫైల్లో లోపల ఏమేమున్నాయో చెప్పే జాబితా మొదట్లో ఉండదు. చివర ఉంటుంది. పెళ్లిలో చదివింపుల పుస్తకం చివర కూడినట్టు, అన్నీ లోపల పెట్టాక ఆఖర్న జాబితా రాస్తుంది. విప్పే ప్రోగ్రాము ముందు తోక దగ్గరికి వెళ్తుంది. తోక లేకపోతే ఈ ఎర్రర్. అంటే డౌన్‌లోడ్ మధ్యలో తెగింది, లేదా కాపీ మధ్యలో ఆగింది.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను గుర్తుంది కదా. 11వ తేదీ తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరిచెట్లు పడిపోయిన దృశ్యం మీరూ చూసే ఉంటారు. అటువైపు నా స్నేహితుడికి ఫోటో స్టూడియో ఉండేది. ముందురోజు సాయంత్రం, ఎందుకైనా మంచిదని పెళ్లి ఫోటోలన్నీ ఒక జిప్పు చేసి పోర్టబుల్ డ్రైవ్‌లోకి కాపీ పెట్టాడు. (మధ్యలో ఒక మాట: ఫోటోలను జిప్ చేస్తే సైజు తగ్గదు, జేపెగ్ ముందే కుదించి ఉంటుంది. మూట కట్టడానికే పనికొస్తుంది.) కాపీ సాగుతుండగా కరెంటు పోయింది. యూపీఎస్ కాసేపు కూసి ఊరుకుంది. రాత్రి రేకులు లేచిపోయాయి, కంప్యూటర్ తడిసి ముద్దయింది. మిగిలింది ఆ డ్రైవ్. కరెంటు వచ్చాక నా దగ్గరికి తెచ్చాడు. తెరిస్తే ఆ తోక ఎర్రరే. వాడు కుర్చీలో కూలబడ్డాడు. నలభై ఇళ్ల పెళ్లిళ్లు.

జిప్పులో ఒక మంచితనం ఉంది. చివర జాబితానే కాదు, ప్రతి ఫైలుకూ ముందు దాని పేరుతో చిన్న చీటీ కూడా ఉంటుంది. జాబితా పోయినా చీటీలు మిగులుతాయి. లినక్స్‌లో జిప్, హైఫన్ పెద్ద ఎఫ్ ఎఫ్, పాడైన ఫైలు పేరు, ఖాళీ, హైఫన్ హైఫన్ అవుట్, కొత్త ఫైలు పేరు. అది మొదటినుంచి చివరిదాకా చీటీలు ఏరుకుంటూ పోయి కొత్త జాబితా రాస్తుంది. రెండు పెళ్లిళ్లు పూర్తిగా పోయాయి, ఒకటి సగం. మిగతావి వచ్చాయి. అదే 7జెడ్ ఫైలు అయితే నేనంత ధైర్యంగా కూర్చునేవాణ్ణి కాను; దాని జాబితా కూడా చివరే ఉంటుంది, పైగా చాలా ఫైళ్లను కలిపి ఒకే ముద్దగా కుదిస్తుంది కాబట్టి మధ్యలో చెడితే ఆ తర్వాతవి కూడా పోతాయి. సైజు తగ్గించడంలో 7జెడ్ గట్టిది. దెబ్బ తట్టుకోవడంలో పాత జిప్పే నయం. ఇది నా అభిప్రాయం, నచ్చనివాళ్లు బయట టీ దగ్గర పోట్లాడుకుందాం.

సీఆర్‌సీ ఎర్రర్ మిగిలింది. కుదించేటప్పుడు ప్రతి ఫైలుకూ ఒక లెక్క కట్టి పక్కన రాసుకుంటుంది, 32 బిట్ల సంఖ్య. విప్పాక మళ్లీ లెక్క కడుతుంది. రెండూ కలవకపోతే సీఆర్‌సీ ఫెయిల్డ్. దారిలో ఎక్కడో ఒక్క అక్షరం మారినా పట్టేస్తుంది. అలాంటప్పుడు మళ్లీ డౌన్‌లోడ్ చేసి, విండోస్‌లో సర్ట్‌యుటిల్, హైఫన్ హ్యాష్‌ఫైల్, ఫైలు పేరు, ఎస్‌హెచ్‌ఏ256 అని కొట్టి, వచ్చే పొడుగు అంకెను పంపినవాళ్ల దగ్గరి అంకెతో పోల్చండి. కలిస్తే మీ కాపీ మంచిదే. ఒకే ఫైలును రెండుసార్లు విప్పితే ఒకసారి ఈ ఫోటోకు, ఇంకోసారి ఆ ఫోటోకు ఎర్రర్ వస్తోందా? అప్పుడు ఫైలును వదిలేసి మీ ర్యామును అనుమానించండి.

పాస్‌వర్డ్ దగ్గర సెవెన్‌జిప్ "రాంగ్ పాస్‌వర్డ్?" అని ప్రశ్నార్థకం పెడుతుంది, గమనించారా? దానికీ తెలీదు. పాత జిప్ తాళంలో పాస్‌వర్డ్ సరిచూసేది ఒక్క బైటుతో. 256 తప్పుడు పాస్‌వర్డుల్లో సగటున ఒకటి ఆ గుమ్మం దాటేస్తుంది, దాటాక లోపల సీఆర్‌సీ దగ్గర దొరుకుతుంది. అందుకే ఫైలు చెడిందో, పాస్‌వర్డ్ తప్పో అది తేల్చి చెప్పలేదు. లినక్స్‌లో అన్‌జిప్ "నీడ్ పీకే కంపాట్ 5.1, కెన్ డూ 4.6" అంటే మాత్రం పాస్‌వర్డ్ జోలికి పోకండి. అది ఏఈఎస్ అనే కొత్త రకం తాళం, అన్‌జిప్‌కు ఆ తాళం తియ్యడం రాదు. సెవెన్‌జిప్‌తో తియ్యండి.

ఆఫీసుల్లో బ్యాచ్ ఫైళ్లు, అంటే కమాండులు వరసగా రాసిన ఫైళ్లు, రాసి రాత్రిపూట బ్యాకప్ నడిపేవాళ్లకు ఒక ముక్క. రాత్రి తెర ముందు ఎవరూ ఉండరు, గొంతు వినేవాళ్లు లేరు. అప్పుడు ప్రోగ్రాము పని ముగించి వదిలివెళ్లే అంకె చూడాలి. విండోస్‌లో ఎర్రర్‌లెవెల్, లినక్స్‌లో డాలర్ ప్రశ్నార్థకం. సెవెన్‌జిప్ 0 ఇస్తే అంతా బాగుంది, 1 అంటే హెచ్చరిక, ఎవరో ఎక్సెల్ తెరిచి ఉంచి వెళ్లిపోతే ఆ ఫైలు వదిలేసి 1 ఇస్తుంది. 2 అంటే పెద్ద దెబ్బ, 7 అంటే మీరు కమాండు తప్పు రాశారు, 8 అంటే మెమరీ చాలలేదు. ఒక చోట బ్యాచ్ ఫైలు ఇలా ఉండేది: జిప్ చెయ్యి, తర్వాత అసలువి చెరిపెయ్యి. మధ్యలో అంకె చూడటం లేదు. డిస్కు నిండిన రోజున జిప్ 2 ఇచ్చింది, అడిగిన నాథుడు లేడు, తర్వాతి వరుస హాయిగా చెరిపేసింది. జిప్ చేశాక 7జెడ్ టి అని కొట్టి ఓసారి పరీక్షించండి, 0 వస్తేనే చెరపండి.

ఆ, చెప్పు బాబూ. చెయ్యెత్తావు.

(ప్రేక్షకుల్లోంచి: తెలుగులో పేర్లు పెట్టిన ఫైళ్లు సార్, లినక్స్‌లో విప్పితే "ఫైల్ నేమ్ టూ లాంగ్" అంటోంది. పేరు మరీ అంత పెద్దది కూడా కాదు.)

మంచి ప్రశ్న. ఇది మన భాషకే ప్రత్యేకం, ఇంగ్లీషు పుస్తకాల్లో దొరకదు. లినక్స్‌లో ఫైలు పేరుకు హద్దు 255, కానీ అక్షరాలు కాదు, బైట్లు. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు. తెలుగులో ప్రతి గుర్తుకూ మూడు. గుర్తు అంటే మనం పలికే అక్షరం కాదు. "శ్రీ" మనకు ఒక్కటే అక్షరం; కంప్యూటర్‌కు శ, పొల్లు, ర, గుడిదీర్ఘం, మొత్తం నాలుగు గుర్తులు, పన్నెండు బైట్లు. "శ్రీకాకుళం" అని రాస్తే ముప్పై బైట్లు అయిపోయాయి. 85 గుర్తులు దాటితే పేరు పట్టదు. విండోస్‌లో లెక్క వేరు కాబట్టి అక్కడ పెట్టగలిగావు, ఇక్కడ విప్పలేకపోతున్నావు. గొంతు ఎవరిది మరి?

(ప్రేక్షకుల్లోంచి: ఆపరేటింగ్ సిస్టమ్‌ది.)

అదీ. జిప్పు తప్పేమీ లేదు. విండోస్‌లోనే విప్పి, పేర్లు పొట్టివి చేసి మళ్లీ జిప్ చెయ్యి. చేసేటప్పుడు సెవెన్‌జిప్‌లో హైఫన్ ఎం సి యు ఈక్వల్స్ ఆన్ అని పెట్టు, తెలుగు పేర్లు యూనికోడ్‌లో రాస్తుంది. లేకపోతే పాత ప్రోగ్రాముల్లో పేర్లు పిచ్చి గీతలుగా కనబడతాయి. ఆ ఫైలు ఇప్పుడు నీ దగ్గరుందా? పెన్‌డ్రైవ్ ఇలా తే, ప్రొజెక్టర్ మీదే పెట్టి చూద్దాం. ఎవరైనా ఆ కర్టెన్ కొంచెం వెయ్యండమ్మా, తెర కనబడటం లేదు.